అరువు పొగ

తమ ఊళ్ళో పొగ లేదన్న సంగతి జీడివలస వాళ్ళకు జిల్లా కేంద్రానికి వెళ్ళేదాకా తెలియదు. అప్పటిదాకా వాళ్ళు ఏ చింతా లేకుండా ఊపిరి పీల్చుకుంటూ బతికేశారు.

సర్పంచ్ మజ్జి పైడమ్మ వెళ్ళింది కూడా పొగ కోసం కాదు, నీళ్ళ కోసం. ఊరికి ఎగువన మెరక మీద ఒక నీళ్ళ ట్యాంకు ఉంది. పక్కనే బోరు ఉంది. బోరులో నీళ్ళూ ఉన్నాయి. లేనిదల్లా కరెంటు. కొండ వారగా వేలాడుతూ వచ్చే ఆ తీగలో కరెంటు ఉన్నప్పుడు మోటారుకు చాలదు, చాలేంత ఉందని కబురొచ్చేసరికి పోతుంది. అంచేత ఆడవాళ్ళు బిందెలు పట్టుకుని ఊరి దిగువ వాగైన గెడ్డలోకి దిగి, రాళ్ళ సందుల్లో ఊరే నీళ్ళు చెంబుతో ముంచుకుని, మళ్ళీ ఆ ఏటవాలు దారి ఎక్కి రావాలి. పైడమ్మ అత్త సన్యాసమ్మ ఆ దారిలోనే కాలు జారి పడింది. తుంటి ఎముక విరిగి, అప్పట్నుంచీ కర్ర పట్టుకు నడుస్తోంది.

"ఈ ఊల్లో ఇంకో ఆడమనిసి గెడ్డ దారిలో పడిపోతే నానీ కుర్సీలో కూకోను" అని ఎన్నికల్లో పైడమ్మ అందరి ముందూ అంది. గెలిచాక కూడా ఆ మాట ఆమెకు గుర్తుంది. రాజకీయాలకు కొత్త కదా, పాపం.

పంచాయతీ కార్యదర్శి శ్రీలత కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్ల. ఎండతో నడిచే మోటార్లు ఏదో పథకంలో ఇస్తున్నారని ఆమే కనిపెట్టింది. ఆ పథకం పేరు 'స్థానిక సంస్థల పరస్పర సహకార స్వల్ప కర్బన ఇంధన పరివర్తన మహోద్యమం'. జిల్లా ఆఫీసులో ఆ బోర్డు ఒక గోడకు సరిపోక, మూల తిరిగి రెండో గోడ మీద పూర్తయింది. మూల దగ్గర 'కర్బన' విరిగింది.

ఆ బోర్డు కింద కూర్చునేది జిల్లా కర్బన సమన్వయాధికారి ఉమాపతి గారు. ఆయన తల ఎత్తి, పైడమ్మ భుజం మీదుగా వెనక్కి చూసి, "సర్పంచ్ గారు రాలేదా?" అన్నారు.

"నానేనండి బాబూ సర్పంచిని."

"మంచిది, మంచిది. మహిళా సాధికారత" అని ఆయన ఎవరికో చెప్పినట్టు చెప్పి, కంప్యూటరు వైపు తిరిగారు. "మీ గ్రామంలో రైసు మిల్లు?"

"నేదండి."

"ఇటుక బట్టీ?"

"నేదండి."

"డీజిల్ జనరేటరు?"

"పెల్లిల్లకి అద్దికి తెత్తామండి."

"అద్దె జనరేటరు పొగ దాని సొంత ఊరి ఖాతాలో పడుతుంది. మీకు రాదు." ఆయన ముఖం క్రమంగా దిగులుపడింది. "పోనీ, ఏదో ఒక పొగ?"

ఆ ముఖం చూసి పైడమ్మకే జాలేసింది. "పొయ్యిలున్నాయి బాబూ! ఇంటింటికీ పొగే. మా అత్తకి కల్లు రెండూ ఎర్రగా మిరపపల్లే."

"ఏం కాలుస్తారు?"

"జీడిసెట్ల పుల్లలండి."

"పుల్లలు జీవసంబంధ ఇంధనం. చెట్టు పీల్చుకున్నదే తిరిగి వదిలిపెడుతుంది. కట్టెల పొయ్యి పొగ మా పథకం దృష్టిలో పొగ కాదు."

"మరి కల్లు మండుతాయి గదండి?"

"మండటం ఆరోగ్య శాఖ" అన్నారు ఉమాపతి గారు. తర్వాత కళ్ళజోడు తీసి, చాలా మృదువుగా, రోగం ముదిరిన సంగతి చెప్పే డాక్టరులా చెప్పారు. "చూడమ్మా. ఇది తగ్గింపు పథకం. తగ్గించాలంటే ముందు ఉండాలి. సౌర మోటారు ఇవ్వాలంటే గ్రామానికి 'ప్రాథమిక కాలుష్య అర్హత' కావాలి. మీరు తగ్గించడానికి ఏమీ మిగుల్చుకోలేదు. ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారు?"

పైడమ్మ తల దించుకుంది. నిజమే, ఇన్నాళ్ళూ ఏం చేశారు? జీడిపిక్కలు ఏరుకున్నారు, చోళ్ళు పండించుకున్నారు, ఊరి గాలిని ఉన్నదున్నట్టు వదిలేశారు. అంత అశ్రద్ధ ఆమెకు ఎప్పుడూ తప్పుగా తోచలేదు.

"నిరాశపడకండి" అన్నారు ఉమాపతి గారు. "మీలాంటి వెనకబడిన గ్రామాలను దృష్టిలో పెట్టుకునే ప్రభుత్వం సహకారం అనే అంశాన్ని చేర్చింది. పొగ మిగులు కలిగిన స్థానిక సంస్థ, పొగ లోటు కలిగిన స్థానిక సంస్థకు, పరస్పర అవగాహన మేరకు, తన మిగులును సర్దుబాటు చేయవచ్చును."

పైడమ్మ శ్రీలత వైపు చూసింది.

"పొగ అరువు తెచ్చుకోమంటున్నారమ్మా" అంది శ్రీలత.

అరువంటే పైడమ్మకు వెంటనే అర్థమైంది. జీడివలసలో అరువు లేకుండా పొద్దు పోదు. ఉప్పు, చింతపండు, తోడుకు గరిటెడు మజ్జిగ, దుక్కికి ఎడ్ల జత, అన్నీ ఈ ఇంటి నుంచి ఆ ఇంటికి నడుస్తూనే ఉంటాయి. దానికి ఒక్కటే కట్టుబాటు. తెచ్చుకున్న గిన్నెను ఖాళీగా తిరిగివ్వరు. తీసుకున్నది తీర్చేసి, పైన కొసరుగా రెండు పచ్చిమిరపకాయలో, చిన్న బెల్లం ముక్కో వేసి ఇస్తారు. ఖాళీ గిన్నె చేతిలో పెట్టిన ఇంటికి ఆ ఊళ్ళో పిల్లనిచ్చేముందు ఆలోచిస్తారు.

"ఎవులిత్తారండి బాబూ పొగ?" అంది పైడమ్మ.

ఇచ్చేవాళ్ళకు ఆ జిల్లాలో లోటు లేదు. దగ్గర్లోనే భద్రపురం మున్సిపాలిటీ ఉంది.

భద్రపురం చెత్తకుప్ప ఎప్పుడు అంటుకుందో ఎవరికీ తెలియదు. ఛైర్మన్ సత్యారావు గారి హయాంలో మాత్రం కాదు, ఆయన తండ్రిగారు ఛైర్మన్‌గా ఉన్నప్పుడు కూడా అది మండుతూనే ఉండేది. కుప్ప ఆర్పుతానని ఇద్దరూ ఓట్లు అడిగారు, అది ఆరిపోతే మళ్ళీ ఏం అడగాలో తోచక ఊరుకున్నారు. ఈ మధ్య మాత్రం సత్యారావు గారికి ఒక కొత్త బాధ పట్టుకుంది. 'నిర్మల వాయు పురం' అవార్డు ప్రతి ఏడూ చేతిదాకా వచ్చి పోతోంది. గాలి బాగా లేదట.

పైడమ్మ వచ్చిన పని చెప్పగానే ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. జీవితంలో ఆయన్ని చెయ్యి చాచి పొగ అడిగిన మొదటి మనిషి ఈమె.

"ఎంత కావాలమ్మా నీకు? సగం పట్టుకుపో. మొత్తం పట్టుకుపో! పక్క ఊరు పొగ లేక అల్లాడుతుంటే మేము కడుపునిండా పీల్చుకుంటామా? మాకు సహకారం రక్తంలోనే ఉంది" అన్నారు. ఊపిరితిత్తుల్లో ఏముందో చెప్పలేదు.

ఒప్పందం రోజున టౌన్ హాల్లో సభ జరిగింది. ఉమాపతి గారు, సత్యారావు గారు ఒకరికొకరు శాలువాలు కప్పుకుని, మిగిలినది పైడమ్మకు కప్పారు. "నదులు కలుస్తాయి, రహదారులు కలుస్తాయి. నేడు రెండు స్థానిక సంస్థలు పొగతో కలుస్తున్నాయి" అన్నారు ఉమాపతి గారు. కాగితం మీద సంతకాలయ్యాయి. శ్రీలత చదివి వినిపించింది. 'భద్రపురం మున్సిపాలిటీ తన పొగను జీడివలస గ్రామ పంచాయతీకి అరువుగా ఇచ్చుటకు సమ్మతించడమైనది.' పైడమ్మకు అందులో ఒక్క 'అరువు' తప్ప ఏదీ పూర్తిగా అర్థం కాలేదు. అదొక్కటీ చాలనుకుంది.

మర్నాటికల్లా జిల్లా కంప్యూటర్లో భద్రపురం ఆకాశం తేటపడింది. ఆ వారమే అవార్డు ప్రకటించారు. భద్రపురం పౌరులు ఆ వార్తను పేపర్లో దగ్గు ఆపుకుని చదివారు. ఎందుకంటే కంప్యూటర్లోంచి వెళ్ళిపోయిన పొగ, ఊళ్ళోంచి వెళ్ళడం మరిచిపోయింది.

చిక్కు అక్కడే వచ్చింది. ఉమాపతి గారు జీడివలసకు ఫోన్ చేశారు. "అమ్మా, పొగ మీకు దస్త్రాల్లో చేరింది గానీ క్షేత్రస్థాయిలో చేరలేదు. తనిఖీకి వస్తే నేనేం చూడాలి? ఆకాశమా?"

"మరేటి సెయ్యమంటారండి?"

"అరువు తెచ్చుకున్న సొత్తును వాడుకలో పెట్టాలి. ఇంకో ముఖ్యమైన నిబంధన. పొగ, ఆ పొగను తగ్గించబోయే పరికరం ఒకే ఆవరణలో ఉండాలి. లేకపోతే ఏది దేన్ని తగ్గించిందో ఆడిట్‌కు తెలియదు."

అలా భద్రపురం చెత్త ట్రాక్టర్లలో జీడివలసకు బయలుదేరింది. ట్యాంకు పక్కన, బోరుకు ఎదురుగా, మోటారు రావలసిన చోటు చుట్టూ దాన్ని పోసి అంటించారు. ప్లాస్టిక్ సంచులు, పాత చెప్పులు, ఎన్నికల ఫ్లెక్సీలు చిటపటమని కాలాయి. ఫ్లెక్సీల్లో సత్యారావు గారి చిరునవ్వులు ఒక్కొక్కటే వంకర్లు పోయి నల్లబడ్డాయి. మెరక మీంచి పొగ దిగి ఊరంతా పరుచుకుంది.

"ఇదేటి పైడమ్మొదినా!" అని ఆడవాళ్ళు ఇంటి మీదకు వచ్చారు. "సంటిపిల్లలు ఊపిరాడక ఎక్కెక్కి ఏడుత్తన్నారు. జీడిపూత మాడిపోతంది. ఉతికిన సీర ఆరేత్తే మసిగుడ్డయిపోతంది."

"కొన్నాల్లోర్సుకోండమ్మా. మోటారొచ్చీదాకే. నీల్లొచ్చీసినాక మనమెందుకు ఊరుకుంటాం, ఆర్పీమా?" అంది పైడమ్మ. అన్నప్పుడు ఆమె మనస్ఫూర్తిగానే అంది. అందుకే వాళ్ళు నమ్మారు. తర్వాత ఆమెకు ఎక్కువ సిగ్గేసింది కూడా అందుకే.

తనిఖీకి ఉమాపతి గారు డీజిల్ జీపులో వచ్చారు. గాలిని కొలిచే యంత్రం కూడా వచ్చింది గాని, దానికి ఛార్జింగు లేదు. పెడదామంటే ఊళ్ళో కరెంటు లేదు. ఆయన ఏమాత్రం తొణకలేదు.

"ప్రత్యామ్నాయ కొలమానం ఉంది" అని శ్రీలతకు చెప్పి, అక్కడ నిలబడిన ఆడవాళ్ళలోంచి ఎర్రయ్యమ్మను పిలిచారు. "అమ్మా, కొంచెం కుప్ప దగ్గరకు జరగండి. ఇంకాస్త. ఆఁ, ఇప్పుడు మామూలుగా ఊపిరి పీల్చండి."

ఎర్రయ్యమ్మ పీల్చి, కళ్ళ నీళ్ళు కారేలా దగ్గింది.

"సంతృప్తికరం" అని రాసుకున్నారు ఉమాపతి గారు. ఆ పొగ ఆయన వైపు మళ్ళి ఆయన కూడా దగ్గారు. దాన్ని అధికారిక ధ్రువీకరణగా నమోదు చేసుకున్నారు. జీడివలస అర్హత సాధించింది.

చివరికి మోటారు వచ్చింది. మెరక మీద ఇనుప చట్రాల మీద నల్లటి అద్దాల్లాంటి పలకలు బిగించారు. అరువిచ్చిన పెద్దమనిషి కనుక రిబ్బను సత్యారావు గారే కత్తిరించారు. ట్రాక్టర్ డ్రైవర్లు ఆ రోజు భోజనాల దగ్గర ఉండిపోవడంతో కొత్త చెత్త రాలేదు. కుప్ప అణిగింది, ఎండ కాసింది, మోటారు గుర్రుమంది. వీధి కొళాయిలోంచి ముందు గాలి వచ్చి, తర్వాత ఎర్రనీళ్ళు వచ్చి, తర్వాత తెల్లగా ధార కట్టింది. సన్యాసమ్మ కర్ర పక్కన పడేసి ఆ ధార కింద రెండు చేతులూ పెట్టింది. అది చూసి పైడమ్మకు ఏడుపొచ్చింది. ఇన్నాళ్ళ దగ్గూ ఆ క్షణంలో ఆమె మరిచిపోయింది.

మర్నాడు ట్రాక్టర్లు మళ్ళీ వచ్చాయి.

రెండు రోజుల్లో పలకల మీద మసి మందంగా పేరుకుంది. ఊరంతా ఎండ కాస్తుంటే మెరక మీద మాత్రం మబ్బు. మోటారు ఒక మూలుగు మూలిగి ఊరుకుంది. పైడమ్మ ఫోన్ చేస్తే ఉమాపతి గారు ఓపిగ్గా విన్నారు.

"పలకలు శుభ్రంగా ఉంచుకోవాలమ్మా. అది లబ్ధిదారుల బాధ్యత. రోజూ మంచినీళ్ళతో కడగండి."

"నీల్లెక్కడివండి బాబూ? మోటారాడితే గదా నీల్లు!"

"ముందు మీరు పలకలకు నీళ్ళిస్తారు, తర్వాత పలకలు మీకు నీళ్ళిస్తాయి. దీన్నే సహకారం అంటారు."

అలా మొదలైంది. పూర్వం గెడ్డలోంచి ఇంటిదాకా బిందె మోసిన ఆడవాళ్ళు, ఇప్పుడు ఇల్లు దాటి, ఊరు దాటి, మెరక ఎక్కి ఆ పొగలో పలకలు కడిగేవారు. కడిగినంతసేపూ మోటారు ఆడేది. కడగడానికి ఎన్ని బిందెలు పట్టాయో, కొళాయిలో కూడా సుమారుగా అన్నే వచ్చేవి. ఉమాపతి గారు దీన్ని విని మురిసిపోయి, 'సున్నా నష్టంతో నీటి పునర్వినియోగం' అని పై ఆఫీసుకు రాశారట.

ఒక పొద్దున ఎర్రయ్యమ్మ తడిసిన బండ మీద కాలు జారి, బిందెతో సహా కింది మలుపు దాకా దొర్లింది. అదృష్టం బాగుండి మోకాలు చీరుకుపోవడంతో సరిపోయింది. జనం లేవదీస్తుంటే ఆమె పైడమ్మను తిట్టలేదు. "నాకేం కానేదొదినా, నువ్వు బెంగెట్టుకోకు" అంది. దానికంటే తిట్టినా బాగుండేది. ఎన్నికల్లో తన నోటితో తాను అన్న మాట పైడమ్మ చెవిలో గింగురుమంది.

ఆ రోజే ఆమె బస్సెక్కి జిల్లా ఆఫీసుకు వెళ్ళింది. "బాబూ, ఆ పొగ ఆపించీండి. మోటారొచ్చీసింది గదా, ఇంక పొగెందుకు?"

ఉమాపతి గారు చెవుల మీద చేతులు పెట్టుకున్నంత పని చేశారు. "ఒక్కసారిగా ఆపుతారా! అది తగ్గింపు కాదమ్మా, అదృశ్యం. తగ్గింపు క్రమపద్ధతిలో, ప్రణాళికాబద్ధంగా, దశలవారీగా జరగాలి. ఇవాళ ఆపితే మీ అర్హత పోతుంది. అర్హత పోతే మోటారు విప్పి పట్టుకుపోవాలి. మీ మంచి కోరి చెబుతున్నాను, ఇంకొన్నేళ్ళు నిలకడగా పొగ రానివ్వండి."

అక్కడి నుంచి భద్రపురం వెళ్ళింది. సత్యారావు గారు ఆమెను కూర్చోబెట్టి టీ ఇప్పించారు. టేబుల్ మీద అవార్డు షీల్డు తళతళలాడుతోంది.

"పొగ వెనక్కి తీసుకోమంటావా? ఇచ్చింది వెనక్కి తీసుకునే అలవాటు మా వంశంలో లేదమ్మా. అది మీదే, ఉంచుకోండి. వచ్చే లక్ష్మివారం ఇక్కడ సహకార మహాసభ. రాజధాని నుంచి పెద్దాఫీసరు వస్తున్నారు. మన రెండూళ్ళనూ రాష్ట్రానికే ఆదర్శంగా చూపిస్తారు. నిన్ను కూడా సన్మానిస్తాం. మంచి చీర కట్టుకుని రా."

ఇంటికొచ్చి పైడమ్మ అరుగు మీద కూలబడింది. మసి, కన్నీళ్ళు కలిసి ముఖం చారలు కట్టింది. సన్యాసమ్మ కర్ర చప్పుడు చేసుకుంటూ వచ్చి పక్కన కూర్చుంది. ఊరందరికీ తెలిసిన సంగతే అయినా, అసలు ఈ పొగ వ్యవహారం ఏమిటని ముసలమ్మ అప్పటిదాకా అడగలేదు.

"పొగ అరువు తెచ్చినావంటగదే పైడీ?"

"అవునత్తా. ఆల్లు తీసుకోరు, ఈల్లు ఆపనియ్యరు. నానేటి సెయ్యాల? ఊరి గొంతు కోసీసినాను."

"అదలాగుంచు. ఆ ట్రాక్టర్లు రోజూ వత్తన్నాయి గదా, తిరిగెల్లినప్పుడు వోటిలో ఏటేసి పంపుతన్నావు?"

"ఏటేత్తాం? ఖాలీగా ఎలతన్నాయి."

సన్యాసమ్మ చేతిలో కర్ర జారి అరుగు కింద పడింది. "ఖాలీగానా!" అంది. పొగకు ఏడవని ముసలమ్మకు అప్పుడు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "ఇన్నాల్లూ అరువు తెచ్చుకుని, గిన్నె ఖాలీగా తిప్పి పంపినారా? ఆల్లు మన ఊరి గురించి ఏటనుకుంటారే? ఉత్తి మొకమోటం నేని మనుసులనుకోరా!"

పైడమ్మ ఏడుపు ఆపి అత్త ముఖంలోకి చూసింది. తర్వాత లేచి ముఖం కడుక్కుని, శ్రీలతకు కబురు పెట్టింది.

మహాసభ రోజున ట్రాక్టర్ల డ్రైవర్లు జీడివలసలో ఎన్నడూ చూడని మర్యాద చూశారు. బెల్లం పరమాన్నంతో భోజనం పెట్టారు. వాళ్ళు విస్తళ్ళ ముందు కూర్చునేలోగా ఊరంతా పారలు, తట్టలు పట్టుకుని మెరక ఎక్కింది. కాలిన చెత్త, కాలుతున్న చెత్త, కాలబోయే చెత్త, ఒక్క పోగు మిగలకుండా ట్రాక్టర్లలోకి ఎత్తారు. మీద తడి గోనెలు కప్పారు. ట్రాక్టర్ల ముందు భాగానికి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, మామిడాకులు కట్టారు. సన్యాసమ్మ కర్ర పట్టుకుని ఒక్కొక్క బండి దగ్గరా ఆగి, "కొసరేసినారా? కొసరేసినారా?" అని అడుగుతూ తిరిగింది.

"ఇదేంటమ్మా?" అన్నారు డ్రైవర్లు త్రేన్చుతూ.

"సెయిర్మన్ బాబుకి మా ఊరి సారె" అంది పైడమ్మ. డప్పులవాళ్ళు ముందు నడిచారు. సారె కదిలింది. పైడమ్మ, శ్రీలత దానికంటే ముందే చేరాలని బస్సెక్కారు.

టౌన్ హాల్లో ఉమాపతి గారు అప్పటికి ఉపన్యాసం మధ్యలో ఉన్నారు. "భద్రపురంలో పొగ అనేది ఇక చరిత్ర పుస్తకాల్లో చదువుకోవాల్సిన విషయం" అంటున్నారు. పెద్దాఫీసరు తల ఆడిస్తున్నారు. వేదిక మీద చివరి కుర్చీలో పైడమ్మ కొత్త చీర కట్టుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. డప్పుల మోత దగ్గరైంది. అది తమకోసమే అనుకుని సత్యారావు గారు నమస్కారం పెట్టుకున్నారు.

ట్రాక్టర్లు హాలు ముందు బారుగా నిలబడ్డాయి. గోనెలు తీశారు. గాలి తగలగానే అడుగున కునుకుతున్న నిప్పు లేచింది. తెరిచిన తలుపుల్లోంచి, కిటికీల్లోంచి పొగ లోపలికి వచ్చి, ముందు వరుసలో అధికారుల పక్కన కూర్చుంది. వెనకనే ఇంకో పొగ వచ్చింది. అది మామూలుది కాదు, కళ్ళల్లో కారం కొట్టినట్టు ఉంది.

"ఏంటమ్మా ఇదంతా!" అని అరిచారు సత్యారావు గారు, గొంతు పట్టుకుని.

పైడమ్మ లేచి మైకు దగ్గరకు వచ్చింది. ఆమెకు దగ్గు రాలేదు, అలవాటైపోయింది.

"మీ పొగేనండి బాబూ. మా అవసరానికి ఆదుకున్నారు, ఊరంతా మీ పేరు సెప్పుకుంటాం. అవసరం తీరిపోనాది, అందుకని తిరిగిచ్చీత్తన్నాం. ఇన్నాల్లూ మీ బల్లు ఖాలీగా పంపినాం, తప్పయిపోనాది, మనసులో పెట్టుకోకండి. మా ఊల్లో అరువు తెచ్చుకున్న గిన్నె ఖాలీగా ఇయ్యరండి. కొసరుగా మా జీడిపిక్కల తొక్కు కూడా ఏసినాం. ఆ ఘాటదే."

"ఇచ్చింది వెనక్కి తీసుకునే అలవాటు మా..." అని సత్యారావు గారు మొదలుపెట్టారు గాని, వంశం దాకా వెళ్ళలేకపోయారు. అవార్డు షీల్డు ముఖానికి అడ్డం పెట్టుకుని కూర్చున్నారు.

శ్రీలత ముందుకు వచ్చి ఒప్పందంలో ఆ వాక్యం పైకి చదివింది. "అరువుగా ఇచ్చుటకు, అని ఉంది సార్. దానంగా అని లేదు. గ్రామసభ తీర్మానం కూడా చేసింది, తీర్చేశాం."

పెద్దాఫీసరు కళ్ళు తుడుచుకుంటూ ఉమాపతి గారి వైపు చూశారు. ఉమాపతి గారి జీవితంలో అది చాలా కష్టమైన క్షణం. ఒక్కసారిగా ఆపడం అదృశ్యం అని ఆయన చెప్పారు, నిజమే. కానీ ఇక్కడ పొగ అదృశ్యం కాలేదు. ఆయన ముక్కులోనే ఉంది.

"ఇది... ఇది తిరుగు సహకారం" అన్నారు దగ్గుతూ. "నిబంధనల్లో లేదు, అంటే నిషేధమూ లేదు. జీడివలస పంచాయతీ తన పొగను... సంపూర్ణంగా తగ్గించింది. జిల్లాలో... ఇదే... ప్రథమం."

పెద్దాఫీసరు చప్పట్లు కొట్టారు. పెద్దాఫీసరు కొడితే అందరూ కొట్టారు. లక్ష్యం నెరవేరిన గ్రామం నుంచి మోటారు విప్పే అధికారం ఎవరికీ లేదని ఆయనే రాసిచ్చి, త్వరగా కారెక్కారు. సభికులు ఆయన వెనకే పరుగెత్తారు. ఆ ఏడాది భద్రపురం కుప్పకు మొదటిసారి నీళ్ళ ట్యాంకరు వచ్చింది. పొగ టౌన్ హాలు దాకా వస్తుందని అప్పటివరకూ ఎవరూ చెప్పలేదట.

ట్రాక్టర్లు మళ్ళీ జీడివలస రాలేదు. ఊరి ఆడవాళ్ళు ఆఖరిసారి గెడ్డ నీళ్ళు మోసి పలకలు కడిగారు. ఆ తర్వాత పలకలకు కావలసిన నీళ్ళు కొళాయే ఇచ్చింది. ఎర్రయ్యమ్మ బిందెను ఇంటి ముందు బోర్లించి దాని మీద కూర్చుని జీడిపిక్కలు కొడుతోంది.

వాన చినుకులు మొదలయ్యే రోజుల్లో ఉమాపతి గారు మళ్ళీ వచ్చారు. దగ్గు ఇంకా పూర్తిగా తగ్గలేదు. పైడమ్మ ఇంటి అరుగు మీద కూర్చుని, "రెండో దశ మంజూరైందమ్మా. సౌర వీధి దీపాలు. దానికి మళ్ళీ ప్రాథమిక అర్హత కావాలి. ప్రస్తుతం మీ ఊళ్ళో పొగ సున్నా అని చూపిస్తోంది. ఈసారి సిమెంటు ఫ్యాక్టరీ ఉన్న మున్సిపాలిటీతో మాట్లాడాను, వాళ్ళు చాలా ఉదారులు" అంటూ సంచిలోంచి దరఖాస్తు బయటికి తీశారు. మాట మధ్యలో దగ్గు తెర వచ్చి మంచినీళ్ళు అడిగారు.

సన్యాసమ్మ కొళాయి నీళ్ళు చెంబుతో తెచ్చి ఇచ్చింది. ఆయన గటగటా తాగి చెంబు తిరిగిచ్చారు. ముసలమ్మ చెంబులోకి చూసింది, ఆయన ముఖంలోకి చూసింది.

"ఖాలీగా ఇచ్చీసినారా బాబూ" అంది. కోపంగా కాదు, చదువుకున్నవాడు ఇలా చేశాడే అన్న బాధతో.

ఉమాపతి గారు కంగారుపడ్డారు. జేబులు తడుముకున్నారు. ఏమీ దొరకలేదు. చేతిలో ఉన్న దరఖాస్తునే నాలుగు మడతలు పెట్టి చెంబులో వేశారు.

పైడమ్మ చెంబు అందుకుని లోపలికి వెళ్ళింది. పొయ్యి మీద చోడి అంబలి ఉడుకుతోంది, మంట తగ్గింది. కాగితం తీసి పుల్లల కింద పెట్టి ఊదింది. భగ్గున అంటుకుంది. కొంచెం పొగ వచ్చి, గుమ్మం దాటి, అరుగు మీద కూర్చున్న ఉమాపతి గారిని తాకింది.

"అమ్మా, పొగ!" అన్నారాయన ఆశగా లేచి నిలబడి.

"పొయ్యిది బాబూ" అంది పైడమ్మ లోపల్నుంచి. "లెక్కలోకి రాదని మీరే గదా సెప్పినారు."